పర్లాకిమిడిలో తెలుగు చదవడానికి ఈ-రీడర్: ఏడాది వాడాక నా మాట

ఇది ఆరంగుళాల తెర ఉన్న ఈ-ఇంక్ రీడర్ గురించి, అంటే ఎలక్ట్రానిక్ పుస్తకాలు చదవడానికే ఉన్న చిన్న పరికరం. ఏ కంపెనీదో రాయడం లేదు. ఏ కంపెనీ మంచిదన్నది నా ప్రశ్న కాదు. ఉద్యోగం, వంట, పిల్లల చదువుల మధ్య ఏడాదికి 24 తెలుగు పుస్తకాలు చదివి తీరాలని పట్టుబట్టిన మనిషికి ఇలాంటి వస్తువు పనికొస్తుందా అన్నదే నేను చెప్పగలిగింది. పనికొస్తుంది. ఐదు స్టార్లకి నాలుగు ఇస్తాను. ఆ ఐదోది ఎందుకు ఇవ్వలేదో మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. తెలుగు చదివేవాళ్ళు కొనేముందు తెలుసుకోవాల్సింది అదే.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో, వీధిలో, కూరగాయల బజార్లో తెలుగే మాట్లాడుకుంటాం. నేను ఒక బడి ఆఫీసులో గుమాస్తాని. హాజరు పట్టీలు, జీతాల బిల్లులు, పై ఆఫీసుకి వెళ్ళే ఉత్తరాలు అన్నీ ఒడియాలోనే. చదువుకున్నదీ ఒడియా బళ్ళోనే, ఆ భాషంటే నాకు ప్రేమే. తెలుగు చదవడం, రాయడం మాత్రం మా నాన్న ఇంట్లో పలక మీద దిద్దించి నేర్పారు. పెళ్ళయ్యి, పిల్లలు పుట్టి, ఉద్యోగంలో పడ్డాక ఆ చదువు పెళ్ళి శుభలేఖల దగ్గరా, వాట్సాప్ మెసేజ్‌ల దగ్గరా ఆగిపోయింది.

ఈ ఊరు గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో బడిపంతులుగా వచ్చిన ఊరు. వాడుక భాషలో చదువు చెప్పాలి, వాడుక భాషలోనే రాయాలి అని ఆయన పోరాడింది ఇక్కడుండే. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాంటి ఊళ్ళో పుట్టి, తెలుగు నవల ఒక పేజీ చదవాలంటే కూడబలుక్కోవాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది. అందుకే ఉగాది నుంచి ఉగాదికి 24 పుస్తకాలు, నెలకి రెండు అని నాకు నేనే సవాలు పెట్టుకున్నాను. మూడింట ఒకటి మన కళింగాంధ్ర రచయితలది కావాలి, ఒక్కటైనా పద్యకావ్యం ఉండాలి అని నియమం కూడా రాసుకున్నాను.

నాకు దొరికే టైం అంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కాశీనగర్ బస్సులో సీటు దొరికితే కొంత, పాప ట్యూషన్ అయ్యేదాకా గేటు దగ్గర కొంత, అన్నం ఉడికేలోపు కొంత. "ఫోన్‌లోనే చదువుకోవచ్చు కదా" అన్నారు మా ఆయన. ఫోన్‌లో రెండో పేజీ తిప్పేసరికి బడి గ్రూపులో మెసేజ్ వస్తుంది. ఏదో లిస్టు వెంటనే పంపమంటారు. అది పంపి వచ్చేసరికి కథ ఎక్కడ ఆపామో గుర్తుండదు. రీడర్‌లో గ్రూపుల్లేవు, మోతల్లేవు. అది చేసే పని ఒకటే. మూత తెరిస్తే ఆపిన చోటే పేజీ సిద్ధంగా ఉంటుంది. ఐదు నిమిషాలు దొరికినా రెండు మూడు పేజీలు ముందుకెళ్ళొచ్చు. ఏడాదిలో నా చదువు ఎక్కువ భాగం ఇలా ముక్కల్లోనే జరిగింది. తీరిగ్గా కూర్చుని చదవాలనుకుంటే ఆ తీరిక నాకు ఏ నెలలోనూ దొరికేది కాదు.

తెర గురించి. ఫోన్ తెరలా వెనక నుంచి వెలుగు కంట్లోకి కొట్టదు. లోపల కంటికి ఆనని సన్నటి గుళికల్లో నల్ల రేణువులు, తెల్ల రేణువులు ఉంటాయి. కరెంటు తగిలినప్పుడు ఏవి పైకి రావాలో అవి వచ్చి అక్షరంగా నిలుస్తాయి. నిలిచాక పేజీ తిప్పేదాకా కరెంటుతో పనిలేదు. అందుకే ఒకసారి ఛార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. మిట్టమధ్యాహ్నం బస్టాండులో ఎండ నేరుగా పడుతున్నా అక్షరం కాగితం మీద ఉన్నంత స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రిపూట అంచుల్లో ఉన్న చిన్న లైట్లు తెర మీదకే వెలుగు పరుస్తాయి, పక్కన పడుకున్న వాళ్ళకి ఇబ్బంది ఉండదు. మా ప్రాంతంలో ఈ బ్యాటరీ సంగతి చిన్న విషయం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎంత నష్టం జరిగిందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఎన్నో ఊళ్ళు చీకట్లో ఉండిపోయాయి. అప్పటి నుంచి ఏ వస్తువు కొన్నా కరెంటు లేనప్పుడు దీని సంగతేంటి అని ముందు అడుగుతాను.

ఇక తెలుగు అక్షరాల సంగతి. పెట్టెలోంచి తీయగానే ఇది తెలుగు చదవడానికి సిద్ధంగా లేదు. మెనూల్లో తెలుగు లేదు, అది పెద్ద లోటు కాదు. అసలు ఇబ్బంది పేజీలోనే. దాంతో వచ్చిన ఫాంటులో తెలుగు గీతలు మరీ సన్నగా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల లెక్కన వరుసల మధ్య ఎడం పెట్టేశారు. మన అక్షరాలకి కింద వత్తులుంటాయి కదా. "కృష్ణ" అన్న చోట వట్రసుడి, ణ వత్తు కింది వరుసలోని గుడులకి తగిలి రెండూ కలిసిపోయాయి. కొన్ని పాత ఫైళ్ళలో ఇంకా ఘోరం. "స్త్రీ" అన్న మాట స్, త్, రీ అని మూడు ముక్కలై, పొల్లులతో విడివిడిగా కనిపించింది. అలా పది వరుసలు చదివితే తలనొప్పి ఖాయం. ఇది చూసి ఎవరైనా రీడర్‌ని తిరిగి పంపేస్తే నేను తప్పు పట్టను.

దీనికి మందు ఉంది, పైసా ఖర్చు లేదు. సిలికానాంధ్ర వాళ్ళ చొరవతో వచ్చిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. గిడుగు, గురజాడ, సురవరం, మండలి అని మన పెద్దల పేర్లే వాటికి పెట్టారు. రీడర్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, అందులోని ఫాంట్స్ ఫోల్డర్‌లో ఫైలు వేసి, తర్వాత పుస్తకం తెరిచి ఆ ఫాంటు ఎంచుకుంటే సరి. మా ఊరి పంతులుగారి పేరున్న ఫాంటులోనే అన్నీ చదవాలని నాకు ఎంతో ఆశగా ఉండేది. అది శీర్షికలకి అందంగా ఉంటుంది, పేజీలకి పేజీలు చదవడానికి మాత్రం మండలి హాయి. గీత నిండుగా ఉంటుంది, వత్తులు విడిగా తెలుస్తాయి. వరుసల ఎడం అన్నిటికంటే పెద్దది పెట్టుకోండి. రెండు అంచులూ సమానంగా సర్దే సెట్టింగ్ తీసేసి ఎడమవైపుకి మాత్రమే సర్దండి. మన మాటలు పొడుగు, ఆరంగుళాల తెరలో వరుసకి నాలుగైదుకి మించి పట్టవు. రెండు వైపులా సర్దితే మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. కొన్ని ఫైళ్ళలో ఫాంటు మార్చినా మారదు. వాటిని క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఫాంటుని పుస్తకంలోనే పొదిగి పంపితే అవీ దారికొస్తాయి. ఈ పనంతా ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. మా అబ్బాయి పక్కన కూర్చుని చేసి పెట్టాడు. కంప్యూటర్ అలవాటు లేనివాళ్ళు ఇంట్లో పిల్లల్ని పట్టుకోండి.

వస్తువు కొన్నంత మాత్రాన పుస్తకాలు రావు. పర్లాకిమిడిలో తెలుగు నవల కొనాలంటే ఏ కొట్టుకి వెళ్ళాలో నాకు తెలీదు. నన్ను ఎక్కువగా ఆదుకున్నది తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం. అక్కడ పుస్తకం పేజీలో డౌన్‌లోడ్ నొక్కితే ఈపబ్ ఫైలుగా వస్తుంది. ఈపబ్ అంటే అక్షరం సైజు పెంచినా తగ్గించినా వరుసలు తమంతట తాము సర్దుకునే రకం, చిన్న తెరకి అదే కావాలి. వాలంటీర్లు పాత పుస్తకాల స్కాన్లు ముందు పెట్టుకుని పేజీ పేజీ టైపు చేసి, సరిదిద్ది పెట్టారు. అచ్చుతప్పులు దిద్దని పేజీకి ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు మళ్ళీ సరిచూస్తే ఆకుపచ్చ అని రంగులుంటాయి. దించుకునే ముందు ఆ రంగులు చూడండి. ఆకుపచ్చ ఎక్కువగా ఉన్న పుస్తకం అచ్చు పుస్తకంలాగే నిశ్చింతగా చదువుకోవచ్చు. వాళ్ళెవరో నాకు తెలీదు గానీ, బస్సులో కూర్చుని చదువుతున్నప్పుడు చాలాసార్లు వాళ్ళకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

అయితే అక్కడ దొరికేవి ముఖ్యంగా కాపీరైటు తీరిన పుస్తకాలు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. కాబట్టి 1915లో పోయిన గురజాడ అప్పారావుగారు, 1919లో పోయిన కందుకూరి వీరేశలింగంగారు, 1940లో పోయిన గిడుగువారు, ఆ తరం వాళ్ళంతా దొరుకుతారు. మొన్న మొన్నటి రచయితలు దొరకరు. వాళ్ళ పుస్తకాలు ఎక్కడో ఎవరో స్కాన్ చేసి పెట్టిన దొంగ పీడీఎఫ్‌లు ఉంటాయి, నేను వాటి జోలికి వెళ్ళను. బతికున్న రచయితకి నాలుగు రూపాయలు వెళ్ళాలి. అందుకని సవాలులో సగానికి పైగా రీడర్‌లో, మిగతావి కాగితం పుస్తకాలుగా చదివాను. పెళ్ళిళ్ళకీ పనులకీ శ్రీకాకుళం వెళ్ళినప్పుడల్లా తెచ్చుకున్నాను.

శ్రీకాకుళం అన్నాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. అక్కడ కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించారు, తెలుగు కథల కోసమే కట్టిన లైబ్రరీ. పాత పత్రికలు, కథల సంపుటాలు, ఎక్కడెక్కడి నుంచో ఒక్కొక్కటిగా సేకరించి పెట్టారు. వెళ్ళి ఆ బీరువాల మధ్య నిలబడ్డప్పుడు, మన వైపు మనుషులు మన వైపు మాటల్లోనే ఇన్ని కథలు రాశారా అని నాకు గొంతు పట్టేసింది. నా నియమంలో మూడోవంతు కళింగాంధ్ర రచయితలని పెట్టుకున్నది ఉత్తినే కాదని అప్పుడు గట్టిగా అనిపించింది. ఇలాంటి అనుభూతి ఏ రీడర్‌తోనూ రాదు. దగ్గరలో ఉన్నవాళ్ళు తప్పకుండా వెళ్ళండి.

పీడీఎఫ్ గురించి హెచ్చరిక. పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కుప్పలుగా ఉన్నాయి. అవి పేజీ ఫోటోలు. ఆరంగుళాల తెరలో పేజీ అంతా కుదించి చూపిస్తుంది, అక్షరం ఆవగింజంత అవుతుంది. రీడర్‌ని అడ్డంగా తిప్పితే పేజీ రెండు మూడు ముక్కలుగా వస్తుంది, అంచుల తెలుపు కత్తిరిస్తే ఇంకాస్త పెద్దదవుతుంది. అయినా ఒక పుస్తకం అలా పూర్తి చేసేసరికి ప్రాణం విసిగింది. డీటీపీ పాత ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లు ఇంకో రకం. చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ తెలుగుని తెలుగుగా గుర్తుపట్టే పద్ధతి) కాదు కాబట్టి ఈపబ్‌గా మారిస్తే తెలుగు స్థానంలో పిచ్చి గీతలు వస్తాయి. మీరు చదవాలనుకున్నవి ఎక్కువగా స్కాన్లే అయితే ఆరంగుళాలది కొనొద్దు. పదంగుళాలది చూడండి, లేదా ఆ డబ్బు పుస్తకాలకి పెట్టండి.

నిఘంటువు లేకపోవడం నాకు ఇంకో కొరత. ఇంగ్లీషు మాట మీద వేలు పెడితే అర్థం చెబుతుంది. తెలుగు మాట మీద పెడితే ఏమీ లేదని వస్తుంది. పద్యకావ్యం చదివినప్పుడు ఇది బాగా తెలిసింది. పక్కన ఫోన్‌లో ఆంధ్రభారతి నిఘంటువుల పేజీ తెరిచి పెట్టుకున్నాను. అందులో ఒకే మాటకి చాలా నిఘంటువుల అర్థాలు ఒకచోట చూపిస్తారు, అది చాలా మంచి ఏర్పాటు. కానీ ఏ ఫోన్‌కి దూరంగా ఉండాలని రీడర్ కొన్నానో ఆ ఫోనే మళ్ళీ చేతిలోకి వచ్చింది. ఆఖరికి తెలియని మాటలు చిన్న నోట్‌బుక్కులో రాసుకుని, రాత్రి ఒకేసారి అన్నీ వెతుక్కోవడం అలవాటు చేసుకున్నాను. అలా రాసుకున్న మాటలే ఎక్కువ గుర్తున్నాయి.

అక్షరం పెద్దది చేసుకునే వీలు మా ఇంట్లో నాకంటే మా అత్తగారికి ఎక్కువ మేలు చేసింది. ఆవిడ పాతపట్నం వైపు పుట్టి పెరిగారు, చిన్నప్పుడు తెలుగు బాగానే చదివేవారు. కళ్ళకి ఆపరేషన్ అయ్యాక సన్నక్షరం ఆనక పూర్తిగా మానేశారు. ఒకరోజు నా పక్కన కూర్చుని తెర వైపు చూసి అడిగారు.

"ఏటమ్మా, ఇందల అచ్చరాలు పెద్దవవుతాయేటి?"

"అవుతాయత్తా. ఎంత కావాలో చెప్పండి."

ఒక్కో మెట్టూ పెంచుకుంటూ వెళ్ళాను. ఒక దగ్గర "ఆగాగు" అన్నారు. అప్పటికి తెరలో ఆరేడు వరుసలే మిగిలాయి. ఆవిడ చూపుడు వేలు తెర మీద ఆనించి, చిన్నపిల్లలు చదివినట్టు పైకి చదవడం మొదలుపెట్టారు. వేలు తగిలి పేజీ తిరిగిపోతే "ఎక్కడికెలిపోనాదే" అని కంగారుపడ్డారు. వెనక్కి తిప్పడం నేర్పాను. ఆ పేజీ ఆపకుండా పూర్తి చేసి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని తర్వాత పేజీ తిప్పారు. ఇప్పుడు మధ్యాహ్నం నేను బళ్ళో ఉన్నప్పుడు రీడర్ ఆవిడ దగ్గరే ఉంటుంది. మా పాపకి తెలుగు చదవడం రాదు. నానమ్మ పైకి చదువుతుంటే పక్కన చేరి వింటోంది, ఈమధ్య శీర్షికల్లో అక్షరాలు గుర్తుపట్టి చెబుతోంది. నాకు ఈ వస్తువు మీద ఇంత ఇష్టం ఏర్పడడానికి ఇది పెద్ద కారణం.

సవాలు లెక్క విషయానికొస్తే, పుస్తకం ఎంత శాతం అయిందో తెర అడుగున చూపిస్తూ ఉంటుంది. మొదట్లో అది చూసి హుషారు వచ్చేది. తర్వాత ఆ అంకె కనపడకుండా దాచేశాను. శాతం కనిపిస్తుంటే మనసు కథ మీద కాకుండా ఎంత మిగిలిందన్న దాని మీదకి పోతుంది. అలాగే 24 అనే అంకె పెట్టుకుంటే చేయి చిన్న పుస్తకం వైపే వెళుతుంది. శతకమూ ఒక పుస్తకమే, ఐదారు వందల పేజీల నవలా ఒక పుస్తకమే అయితే న్యాయం కాదు. అందుకే పెద్ద నవలని రెండుగా లెక్కేసుకున్నాను, రెండు శతకాలు కలిపి ఒకటి అనుకున్నాను. పరీక్షల నెలలో బడి పనితో ఒక్కటి కూడా కాలేదు, వేసవి సెలవుల్లో అది పూడింది. ఉగాది నాటికి లెక్క తేలింది. ఇప్పుడు తెలుగు పేజీ నా కంటికి ఒడియా పేజీ అంత సులువుగా సాగుతోంది. నేను కోరుకున్నది అదే.

తక్కినవి క్లుప్తంగా. ఆన్‌లైన్‌లో అమ్మినాయన దీంతోపాటు పంపిన కవరు వేరే మోడల్‌ది, మార్చడానికి చాలా సతాయించాడు. కవరు విడిగా చూసి కొనుక్కోండి. కవరు మాత్రం తప్పనిసరి, సంచిలో టిఫిన్ డబ్బా తగిలితే తెర పగిలిపోతుంది. స్టోరేజీ తక్కువది చాలు. ఈపబ్ ఫైళ్ళు చాలా చిన్నవి, వందల పుస్తకాలు పడతాయి. ఎక్కువ స్టోరేజీకి డబ్బు దండగ. నీళ్ళు పడినా తట్టుకునే రకం దొరికితే ఆ కాస్త ఎక్కువ పెట్టండి, మా వైపు వానల్లో బస్సు కిటికీ పక్కన కూర్చుని చదివేవాళ్ళకి అది అవసరం.

ధర పది వేలు దాటింది. గుమాస్తా జీతానికి తక్కువేం కాదు, పండగ బోనసు వచ్చేదాకా ఆగి కొన్నాను. వీలైతే కొనేముందు తెలిసినవాళ్ళ రీడర్ ఒక్కసారి చేతిలోకి తీసుకుని, ఒక తెలుగు ఈపబ్ వేసి చూడండి. "స్త్రీ", "లక్ష్మి", "స్వాతంత్ర్యం", "కృష్ణ" ఉన్న పేజీ తీయండి. వత్తులు తెగకుండా, కింది వరుస మీద పడకుండా వస్తే ఆ మోడల్ ధైర్యంగా తీసుకోవచ్చు. అవి విరిగిపోయి కనిపించి, ఫాంటు మార్చినా సరికాకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దనండి.